వీరాస్వామి గీసిన పెంకుటిల్లు

“ఇల్లేదండీ?” అన్నాడు ఉదయభాస్కర్.

వీరాస్వామి సముద్రంలోకి చెయ్యి చూపించాడు. “అదిగోనండి. ఆ కెరటం విరుగుతోందే, అక్కడ మా వంటగది.”

ఉప్పాడలో కడలి కోతకు ఇల్లు పోయినవాళ్లకు కొత్త ఇల్లిస్తామంది ప్రభుత్వం. విచారణకొచ్చిన ఉదయభాస్కర్ మంచివాడే. ఆయన ఫోన్‌లోని యాప్ మాత్రం అంత మంచిది కాదు. పోయిన ఇంటి ముందు, అదే జాగాలో, యజమాని నిలబడ్డ ఫొటో పెడితేగాని దరఖాస్తు పుచ్చుకోదు.

“పోయిన ఇంటి ముందు ఎలా నిలబడతారండీ?” అంది వీరాస్వామి భార్య సంపూర్ణమ్మ.

“నన్నేం చెయ్యమంటారమ్మా? యాప్ అడుగుతోంది. రెండ్రోజులే గడువు.”

ఆరు నెలలుగా మరిది వసారాలో తలదాచుకుంటున్న సంపూర్ణమ్మకు ఏడుపొచ్చింది. వెంటనే కోపమూ వచ్చింది. మొగుడి మీదకు తిరిగింది.

“నలభై ఏళ్లు నాటకాలకి తెరలు గీశారు. ఊరూరా రాజుల మేడలు కట్టారు. మనకో పెంకుటిల్లు గియ్యలేరా?”

“సీనరీ గీస్తారా మీరు!” ఉదయభాస్కర్ మొహం వెలిగిపోయింది. కాలేజీలో నాటకాలు వేసిన మనిషి. మాట దొరికితే వదలడు. “ఆ పేరు ఎలా పుట్టిందో తెలుసాండీ? గ్రీకు నాటకాల్లో వేషాలు మార్చుకునే గుడారాన్ని స్కీనీ అనేవారు. తరవాత దానిమీద బొమ్మలేశారు. ఆ మాటే తిరిగి తిరిగి రంగస్థలం తెరలకొచ్చింది. కొండల్నీ ఏరుల్నీ సీనరీ అనడం ఆ తరవాతే! అంటే బొమ్మ ముందు, అసలు వెనకాల.”

“మాకు అసలు ముందే పోయిందండి,” అన్నాడు వీరాస్వామి.

పాత దర్బారు తెరకు సుద్ద పూసి, దానిమీదే ఇల్లు మొదలుపెట్టాడు.

“గోడకి ఆ బీటెందుకండీ?” అంది సంపూర్ణమ్మ.

“ఉన్నదే కదే!”

“ఫొటోలో పడుతుంది. చెరిపెయ్యండి. ఆ తలుపుకి కూడా కాస్త మంచి రంగెయ్యండి.”

చెరిపాడు, వేశాడు. పూర్తయ్యాక ఆవిడ బొమ్మలోని గడప దగ్గరకెళ్లి నిలబడింది. “కాళ్లు కడుక్కుని లోపలికెళ్లాలనుందండీ,” అని కళ్లు తుడుచుకుంది.

మర్నాడు సముద్రం పాటు మీదుండి నీళ్లు వెనక్కి తగ్గాక, మోకాల్లోతులో వెదుళ్లు పాతి తెర కట్టారు. ముందు దంపతులిద్దరూ నిలబడ్డారు.

“యాప్ మన తెరని కనిపెట్టేస్తుందేమోనండీ!” అంది సంపూర్ణమ్మ.

“కదలకండమ్మా. నవ్వండి.”

ఫోన్‌లో చిన్న చక్రం తిరిగింది, తిరిగింది. చివరికి పచ్చ టిక్కు పడింది.

“ఒప్పుకుంది!” అని ఉదయభాస్కర్ నీళ్లలోనే గెంతాడు. ఆ పూట సంపూర్ణమ్మ ఆయనకు రొయ్యల వేపుడుతో భోజనం పెట్టింది. కొత్తింట్లో పొయ్యి ఏ మూల పెట్టాలో కూడా ఆలోచించేసుకుంది.

మూడో వారం ఉత్తరం వచ్చింది. వీరాస్వామి కళ్లజోడు తుడుచుకుని పైకి చదివాడు.

“ఇల్లు పటిష్ఠంగా ఉన్నందున దరఖాస్తు తిరస్కరించడమైనది.”