వెనక క్యారియర్

"జల్దీ చెప్పు బిడ్డా, ఏ చక్రాలు ఎయ్యాలె? రేపు పొద్దుగాలనే పోటీ," అన్నడు సైకిల్ షాపు తిరుపతి.

పాత చక్రాలు వంకరపోయినయ్. నా మనుమరాలు భార్గవి రెండు కొత్త జతల ముందల నిలవడి గోళ్లు కొరుకుతాంది. అడవి బాటల పోటీ గెలిస్తే రాష్ట్రం జట్టుల తీసుకుంటరు.

"తేలికయి తీస్కో. గుట్ట ఎక్కేకాడ అక్కెరకొస్తయ్," అన్నడు తిరుపతి.

"గవా? కోడిపిల్ల కాళ్ల లెక్కున్నయ్! రాళ్లల్ల ఇరగవా?" అన్న నేను.

"ఇరగవవ్వా, గట్టియే. ఎనక ఇంకో మనిషి కూసుంటేనే ఆగయ్."

భార్గవి బరువు చక్రాల మీద చెయ్యేసింది. "ఇవే ఇయ్యన్నా."

"గుట్ట మీద ఎనకవడతవ్!"

"పడితే పడ్త."

నా మాట విన్నదని మురిసిన. గంతలనే నా కండ్లు సైకిల్ క్యారియర్ మీద పడ్డయ్. దాని మీద నా పాత చీర మడత. మోకాళ్లు పట్టేసిన కాడ్నుంచి వారం వారం గోదారి బ్రిడ్జి దాటి భద్రాచలం దవాఖానాకు గా మడత మీద కూసునే పోతున్న.

"తిరుపతీ, ముందుగాల గా క్యారియర్ ఊడదియ్."

"నాయినమ్మా! బస్సు దాంక నువ్వు నడువలేవు," అన్నది భార్గవి.

"మెల్లగ నడుస్త తియ్యే. నువ్వు గుట్టెక్కు, నేను బస్సెక్కుత."

చీర మడత దులిపి చంకల పెట్టుకున్న. బస్సు సీట్లు గట్టిగుంటయ్ గదా.