స్పీకరమ్మ పిలవని గిల్బర్ట్

“చర్చల్లో మాట్లాడినవి, సున్నా,” అని మావిస్ సట్‌క్లిఫ్ ఫోను చూసి పైకి చదివింది. “కమిటీల్లో మాట్లాడింది, ఒకే ఒక్కసారి. మురుగుకాలువల బిల్లు కమిటీలో. ఏమన్నాడో తెలుసా? ‘ఆ కిటికీ కాస్త మూస్తారా’ అన్నాడు.”

స్కెల్‌థార్ప్ పార్టీ క్లబ్బు పైగదిలో అందరూ విరగబడి నవ్వారు. గోడవార కుర్చీలో చేతికర్ర ఆనించుకుని, బిస్కెట్టు టీలో ముంచుకుంటున్న ఎంపీ గిల్బర్ట్ ఓల్డ్‌రాయిడ్ కూడా నవ్వాడు. ఆ రోజు చలిగాలి నిజంగానే కొట్టింది మరి.

ఏమాటకామాటే చెప్పుకోవాలి, గిల్బర్ట్ మంచివాడు. ఊళ్ళో ఎవరింట కష్టమొచ్చినా ముందు తలుపు తట్టేది అతనే. కాని నలుగురిలో నోట్లో నాలుక ఉండదు. సభలో లేచాడంటే గొంతు పూడుకుపోతుంది. దానికి తోడు కిందటి చలికాలం మెట్ల మీద జారి మోకాలు చెడగొట్టుకున్నాక, లేవడమనేదే మానేశాడు.

మావిస్ పార్టీ శాఖకు అధ్యక్షురాలు. అతనితో ఒకే వీధిలో పెరిగిన మనిషి కనుక మొహమాటం ఎరగదు. “వసంతంలో అభ్యర్థిని ఎంచుకోవాలి గిల్బర్ట్. ఈలోగా నీలో చలనం కనబడకపోతే, నీకు టిక్కెట్టు లేకుండా చేసేది నేనే. ఈ జాస్పర్‌కి ఇచ్చేస్తాం,” అంది.

జాస్పర్ నేలర్ కుర్ర లాయరు. ఆ సీటు మీద ఎప్పట్నుంచో కన్నేసి కూర్చున్నాడు. టై సవరించుకున్నాడు.

ఈ వయసులో ఆ సీటు పోతే ఇంక గిల్బర్ట్‌కి వేరే లోకం లేదు. “సోమవారం నుంచి టీవీ పెట్టి చూడండి. లేచి నిలబడకపోతే అప్పుడడగండి,” అన్నాడు.

మాట నిలబెట్టుకున్నాడు. సభలో ఒకరు మాట్లాడి కూర్చోగానే, మాట్లాడదలచిన వాళ్ళంతా లేచి నిలబడాలి. స్పీకరమ్మ వాళ్ళలో ఒక్కరినే పిలుస్తుంది. తక్కినవాళ్ళు మళ్ళీ కూలబడి, ఆ ఒక్కరూ ముగించేదాకా కాచుకుని, మళ్ళీ లేవాలి. గిల్బర్ట్ జైళ్ళ చర్చలో లేచాడు, కూర్చున్నాడు. చేపలవేట చర్చలో లేచాడు, కూర్చున్నాడు. వేల్స్ గొర్రెలతో స్కెల్‌థార్ప్‌కి ఏం సంబంధమో దేవుడికెరుక, ఆ చర్చలో కూడా లేచి కూర్చున్నాడు. స్పీకరమ్మ ప్రతిసారీ అతని వంక చూసి ఓ చిరునవ్వు నవ్వి, పక్కవాడి పేరు పిలిచేది.

క్లబ్బులో టీవీ ముందు మొదట్లో నవ్వుకున్నారు. వారం తిరిగేసరికి ఒక్కరికీ నవ్వు రాలేదు. మన ఊరివాణ్ణి లండన్ వాళ్ళు ఇంత చులకన చేస్తారా అని కడుపు మండింది. చేపల వేపుళ్ళ కొట్టతను అద్దానికి ‘మా గిల్బర్ట్‌ని మాట్లాడనివ్వండి’ అని అట్ట కట్టాడు. “మళ్ళీ కూర్చోబెట్టింది చూడండి. పైగా ఇకిలింపొకటి,” అని మావిస్ పళ్ళు నూరింది.

ఓదారుద్దామని ఆమె ఫోను చేస్తే గిల్బర్ట్ మహా హుషారుగా ఉన్నాడు. “రేపు ప్రశ్నల గంట మావిస్. చిన్న చిన్న ప్రశ్నలు కదా, ఎక్కువసార్లు లేవచ్చు,” అన్నాడు. ఎంత ఆశ పాపం, అనుకుని ఆవిడ కళ్ళు తుడుచుకుంది.

వసంతం వచ్చింది. అభ్యర్థిని ఎంచుకునే రోజు క్లబ్బు కిక్కిరిసింది. గిల్బర్ట్ మెట్లు చకచకా ఎక్కి వచ్చాడు. చేతికర్ర కూడా లేదు. పోరాటంలో దిగితే మనిషికి జవసత్వాలు ఎలా వస్తాయో చూడమని ఒకరికొకరు చెప్పుకున్నారు.

జాస్పర్ అనర్గళంగా మాట్లాడాడు. చివర్లో ఒక మాట వేశాడు. “మాట్లాడాలంటే ముందుగా స్పీకరు ఆఫీసుకు పేరు పంపుకోవాలి. ఈయన ఒక్కసారైనా పంపారేమో అడగండి.”

గిల్బర్ట్ ఇంకో బిస్కెట్టు తీసి టీలో ముంచాడు. మావిస్‌కి చిర్రెత్తుకొచ్చింది. “నోరు నొక్కేసిన మనిషి మీద కూడా లా పాయింట్లు లాగుతావా నాయనా? మాట్లాడలేనివాడు వేరు, మాట్లాడనివ్వని వాడు వేరు,” అంది. గదంతా చప్పట్లు. చేతులెత్తమంటే గిల్బర్ట్ వైపు అడవిలా లేచాయి. జాస్పర్ సొంత మేనత్త కూడా చెయ్యెత్తింది. గెలిచినవాడు రెండు ముక్కలు మాట్లాడాలన్నారు. గిల్బర్ట్ లేచి, అందరి వంకా చూసి, మళ్ళీ కూర్చున్నాడు. ఆ కూర్చోవడం చూసి కొందరికి ఏడుపొచ్చింది.

అంతటితో ఊరుకుంటే ఆవిడ మావిస్ ఎందుకవుతుంది? ఆ స్పీకరమ్మని కడిగిపారేస్తానని మరుసటి వారం రైలెక్కింది. వద్దని గిల్బర్ట్ బతిమాలాడు. పోనీ టీ తాగి వెళ్ళమన్నాడు. ఆవిడ చెవిన పెట్టలేదు. అతని రెక్క పట్టుకుని పార్లమెంటు వరండాలో కాపు కాసింది.

స్పీకరమ్మ రానే వచ్చింది. మావిస్ దారికడ్డంగా నిలబడి, వారం రోజులుగా కూడబెట్టుకున్న మాటలు ఎత్తుకోబోయింది. ఈలోగా స్పీకరమ్మ చూపు గిల్బర్ట్ ఖాళీ చేతి మీద పడింది. ఆవిడ ముఖం విప్పారింది.

“ఓల్డ్‌రాయిడ్ గారూ, డాక్టరు తీయమన్న గుంజీళ్ళు మోకాలికి బాగానే పనిచేశాయే.”