ఎక్కిళ్ళ నవ్వు

“నా జోకుకి ఆ మధుమిత పెదవి ఒక్కసారన్నా కదిలిందేమో అడుగు!” అద్దంలోంచే అంది శ్రీప్రియ.

చెన్నై మాధవరంలోని స్టూడియోలో మేకప్ గది. ‘ఒకే గొడుగు’ కామెడీ సీరియల్ ఆగిపోయి పన్నెండేళ్ళు. ఆ పక్కనే ఉన్న మనలి పేటలో, ఒకే గదిలో అద్దెకుండే ఇద్దరు స్నేహితురాళ్ళ కథ అది. ఆ ఇద్దరినీ మళ్ళీ కూర్చోబెట్టి, పాత రోజుల మీద ఇవాళ ఒక గంట ప్రోగ్రాం. మధుమిత ఇప్పుడు సినిమాల్లో పెద్ద పేరు. శ్రీప్రియ పేరు చెప్తే, “ఎవరూ, ఆ రెండో అమ్మాయా?” అంటారు. పొద్దున ఆటోలో వస్తుంటే బస్టాండు దగ్గర నగల హోర్డింగు. దాని నిండా మధుమితే! పెదవి విప్పని ఆ చిరునవ్వుకే కోట్లు ఇస్తారట. శ్రీప్రియ తల పక్కకి తిప్పేసుకుంది.

“ఎందుకక్కా అంత కోపం?” అంది యాంకర్ సరణ్య.

“కోపం కాదు పా, కడుపుమంట! నా క్లోజప్ తీసేటప్పుడు ఎదురుగా నిలబడి మాట అందించాల కదా? నా డైలాగ్ అయితానే మొహం తిప్పుకొని తలుపు బయటికి పొయ్యేది. ప్రతిసారీ! నేనంటే అంత అలుసు.”

“జనం నవ్వారుగా అక్కా?”

“జనమా? ఆ నవ్వులన్నీ టేపులోంచి ఏసినవి. ఒక్కటి తప్ప.” శ్రీప్రియ గొంతు మెత్తబడింది. “నా డైలాగుల కింద ఒక నవ్వుండాది. గలగలా మొదలై ఎక్కిలితో ఆగుతాది. అది టేపు కాదమ్మా, ఆడ నిజంగా ఎవరో నవ్వితే మైకులో పడిందని సౌండ్ అరుముగం అన్న చెప్పినాడు. ఇంకెవరు, క్యాంటీన్ చెంగమ్మే! టీ పట్టుకొని ఆ తలుపు దగ్గరే నిలబడేది. ప్రతి దీపావళికీ చీర పంపిస్తా. నాకు కామెడీ వచ్చని నమ్మిన మనిషి అదొక్కతే.”

సెట్టులో సోఫా వేశారు. మధుమిత వచ్చి పక్కన కూర్చుంది.

“బాగుండావా ప్రియా?”

“ఏదో ఉండా. నీ అంత కాదులే.”

చెంగమ్మ టీ తెచ్చింది. శ్రీప్రియ ఆమె చెయ్యి ఆప్యాయంగా నొక్కి వదిలింది. ముసలామె అక్కడే ట్రేతో నిలబడిపోయింది.

“శ్రీప్రియక్కా, ఆ ఫ్యాన్ డైలాగ్ ఒక్కసారి ప్లీజ్!” అంది సరణ్య.

శ్రీప్రియ నేరుగా మధుమిత కళ్ళలోకి చూసింది. కెమెరాలు తిరుగుతున్నాయి, ఈసారి ఎక్కడికి పోతుంది?

“ఓనరు ఫ్యాను కొత్తదన్నాడు కదే! కొత్తదే పాపం... తిరగడం ఇంకా నేర్చుకోలా!”

మధుమిత మొహం తిప్పుకుంది. పెదవులు బిగించింది. లేచి, మైకు సోఫాలో పడేసి, తలుపు తోసుకుని వెళ్ళిపోయింది.

“చూసినావా! పన్నెండేళ్ళయినా అదే పొగరు!” శ్రీప్రియ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. “చెంగమ్మా, నువ్వన్నా నవ్వే!”

“ఫ్యాను తిరక్కపోతే ఏడవాల గానీ నవ్వేదేందమ్మా?” అంది చెంగమ్మ అయోమయంగా. “నాకెప్పుడూ అర్థం కాలా.”

శ్రీప్రియ చేతిలో కప్పు ఆగిపోయింది.

తలుపు అవతల గలగలా ఒక నవ్వు మొదలై, ఎక్కిలితో ఆగింది.