సంతకం లేని బొమ్మ

బొమ్మల్లో కూడా ఆడంబరం కూడదనే పొదుపు చట్టం ఉండగా టీ అంగడి పిల్లకి పట్టుబట్టలు తొడిగి బొమ్మ వేశాడని మా నాన్న చేతులకి సంకెళ్ళు బిగించి, తాళం మీద కాగితం ముద్ర అంటించి పోయారు. ఎదో అనే మా నగరంలో చిత్రకారులకి ఇదే శిక్ష. ఇంట్లోనే కూర్చోవాలి, ముద్ర చిరగకూడదు.

ఇవాళ భటుడు కురాతా తనిఖీకి వచ్చాడు. ముద్ర చెక్కుచెదరలేదు. అయినా అంగీ మడతలోంచి కొత్త అచ్చుబొమ్మ తీసి నాన్న ముందు పడేశాడు. ఈసారి పట్టులో మెరిసిపోతున్నది ఇద్దరమ్మాయిలు.

"గీత నీదే. సంతకమే లేదు. ఎలా వేశావయ్యా, కాళ్ళతోనా?"

"సంతకం లేనిది నాదెలా అవుతుంది అయ్యగారూ?" అన్నాడు నాన్న.

నేను టీ పళ్ళెం కింద పెట్టి రెండు చేతులూ చాచాను.

"వేసింది నేను. ఆ మొదటిదీ నేనే. నాన్న సంతకం పెడతాడంతే. వేస్తే వీటికి వేయండి సంకెళ్ళు."

కురాతా పగలబడి నవ్వాడు. "తండ్రి మీద ప్రేమ బాగానే ఉందే పిల్లా," అంటూ టీ తాగి వెళ్ళిపోయాడు.

నాన్న నవ్వలేదు. "నమ్మలేదు కాబట్టి బతికిపోయావు ఓషిమా. ఇక ఊరుకో."

నేను సిరా నూరాను. మూడో బొమ్మ పూర్తిచేసి, ఎప్పుడూ నాన్న సంతకానికి వదిలే మూలలో 'ఓషిమ' అని పెద్దగా రాశాను.