నిద్ర లేవని మానిటర్లు

"మళ్లీనా?"

మేనేజర్ సీతారామాంజనేయులు అరుపుకి నాలుగో అంతస్తు మొత్తం తలెత్తింది.

సోమవారం, ఉదయం తొమ్మిది. ఆయన బల్ల కింద డెస్క్‌టాప్ లేచింది. లైటు వెలిగింది, ఫ్యాను తిరుగుతోంది. బల్ల మీది రెండు మానిటర్లు మాత్రం నల్లగా, మొద్దునిద్రలో ఉన్నాయి. ఆయన మౌస్ కదిపాడు. కీబోర్డు మీద గుద్దాడు. ఉలుకూ పలుకూ లేదు.

"ఆ ఓంకార్‌ని పిలవండి."

ఓంకార్ అప్పటికే వస్తున్నాడు. ఆ కంపెనీలో కాంట్రాక్టు మీద కంప్యూటర్లు బాగుచేసే మనిషి. ముప్పై నాలుగేళ్లు. ఎనిమిది నెలలు ఖాళీగా తిరిగాక, రాయదుర్గంలోని ఈ టవర్‌లో దొరికిన పని ఇది.

"ఏంటయ్యా ఇది? నెల రోజులుగా ఇదే తంతు. సోమ, బుధ, శుక్రవారాల్లోనే లేవవు. ఏం, ఇవి కూడా ఉపవాసాలు చేస్తున్నాయా?"

ఒకరిద్దరు నవ్వబోయి మానుకున్నారు.

"జర టైమ్ ఇయ్యండి సార్. చూస్త."

"టైమా? తొమ్మిదింటికి నా మీటింగని నీకు తెలీదూ?"

తెలియనిదెవరికి? తొమ్మిదయ్యేసరికి టీమంతా ఆ రెండు తెరల ముందు నిలబడాలి. ప్రాజెక్టు ఫైళ్లు ఆ డెస్క్‌టాప్‌లో తప్ప మరెక్కడా తెరుచుకోవు కాబట్టి, తెరలు వెలిగాకే మీటింగ్ మొదలు. మొదలయ్యాక వచ్చినవాళ్ల పేరు ఆయన డైరీలో రాసుకుంటాడు. మూడోసారి రాశాడంటే ప్రాజెక్టులోంచి తీసేసినట్టే. కారణాలు అడగడు. పోయిన నెల సాయిచంద్ అలాగే పోయాడు. భార్యకి నొప్పులొస్తే ఆసుపత్రిలో చేర్చి పరుగెత్తుకొచ్చిన రోజు అది.

ఓంకార్ బల్ల కిందకి దూరాడు. పైనుంచి మాటలు పడుతూనే ఉన్నాయి.

"కేబుళ్లు మార్చావు. డ్రైవర్లు మార్చావు. స్లీప్ సెట్టింగులన్నీ మార్చానన్నావు. పోయిన వారం ఏకంగా మానిటర్లే మార్చావు. ఇక మిగిలింది నిన్ను మార్చడమే."

ఓంకార్ చెవులు ఎర్రబడ్డాయి. ఒక్కసారి లేచి, ఆ కీబోర్డు తీసి ఆయన మొహాన కొట్టాలనిపించింది. పళ్లు బిగించుకున్నాడు. ఒక్కో తీగనే ఊడదీసి, తుడిచి, వెలుతురులో పెట్టి చూసి, మళ్లీ పెడుతున్నాడు. అక్కడినుంచి అతనికి కనిపించేవి కాళ్లే. ముందుకీ వెనక్కీ తిరుగుతున్న మేనేజర్ బూట్లు. చుట్టూ నిలబడ్డ టీమ్ వాళ్ల చెప్పులు.

"ఏందన్నా, ఇంకెంతసేపు?"

ప్రశాంతి గొంతు. ఆ టీమ్‌లో టెస్టర్ ఆమె. పాత నీలం చెప్పులు బల్ల పక్కకి వచ్చి ఆగాయి.

"నీకు రాకుంటే వచ్చినోళ్లని పంపమనరాదు? నువ్వు గిట్ల నానబెడితే సార్ కోపమంతా మా మీద పడుతది. పొద్దుగూకేదాంక మేమే తిట్లు తినాలె."

ఓంకార్ చివరి తీగ బిగించి బయటికొచ్చాడు. మోకాళ్లు దులుపుకున్నాడు.

"ఇప్పుడు నొక్కండి సార్."

రెండు తెరలూ ఒక్కసారే వెలిగాయి. మూలన గడియారం తొమ్మిదీ ఇరవై ఎనిమిది చూపిస్తోంది.

సీతారామాంజనేయులు చూపుడు వేలు ఓంకార్ ఛాతీకి ఆనించినంత పని చేశాడు. "విను. ఎల్లుండి తొమ్మిదింటికి ఇవి లేవకపోతే, తొమ్మిదీ ఐదుకి మీ ఏజెన్సీకి మెయిల్ వెళ్తుంది. పదింటికి నీ బ్యాడ్జి గేటు దగ్గర ఇచ్చేసి పోతావు."

"సరే సార్."

"చేతకాని మనుషుల్ని తెచ్చి మా నెత్తిన రుద్దుతారు," అన్నాడాయన అందరికీ వినపడేలా. ప్రశాంతి కూడా అవునన్నట్టు తలాడించింది.

మంగళవారం మానిటర్లు ఠంచనుగా లేచాయి.

ఆ మధ్యాహ్నం ఓంకార్ మీద ఉండే సూపర్‌వైజర్ రామచంద్రం వెతుక్కుంటూ వచ్చాడు. చేతిలో రెండు టీ కప్పులున్నాయి. ఒకటి ఓంకార్ ముందు పెట్టాడు.

"ఆయన నాక్కూడా చెప్పిండు రా. రేపు ఆగితే ఇగ నా చేతుల ఏం లేదు. సాయంత్రం నేనొచ్చి చూడాల్నా?"

"వద్దన్నా. నేనే చూస్త."

"అసలు లోపమేందో దొరికిందా?"

"దొరికినట్టే అన్నా."

"దొరికినట్టే అంటే? నెల రోజుల సంది గిదే మాట." రామచంద్రానికి నిజంగానే కోపమొచ్చింది. "ఎనిమిది నెలలు ఇంట్ల కూసున్నది మరిచినవా? మళ్ల నా దగ్గరికొచ్చి పని ఇప్పియ్యమంటే యాడికెళ్లి తెస్త? రేపు పొద్దున ఆ తెరలు లేవాలె, నీ నౌకరి నిలబడాలె. సమజైందా?"

"సమజైందన్నా. ఫికర్ చెయ్యకు."

రామచంద్రం ఇంకేదో అనబోయి, "చాయ్ తాగు, చల్లారుతది," అని లేచిపోయాడు.

ఆరున్నరకి అంతస్తు ఖాళీ అయింది.

సోమ, బుధ, శుక్రవారాల్లో పొద్దున మొగుణ్ణి డయాలసిస్ మంచమెక్కించి, నిజాంపేట నుంచి రెండు బస్సులు మారి, తొమ్మిదింబావు దాటితే గానీ రాలేని ప్రశాంతి పేరు ఆ డైరీలోకి మూడోసారి ఎక్కకూడదని, ఓంకార్ బల్ల కిందకి దూరి, నెల రోజులుగా చేస్తున్నట్టే రెండు కేబుళ్లనీ వెంట్రుకవాసి వెనక్కి లాగి వదిలాడు.