నాలుగు గంటల రంపం

"అది అమ్మేది కాదండీ," అంది నోలా, తలుపు సగమే తీసి.

"కొనడానికి రాలేదు తల్లీ. ఒక్కసారి చేత్తో పట్టుకుని చూస్తాను, అంతే," అన్నాడు వాకిట్లో నిలబడ్డ ముసలాయన.

తెల్లటి గడ్డం, చేతిలో టోపీ. ఆ ఆదివారం ఉదయం హోబార్ట్ బస్సు దిగి, ఎవర్నీ దారి అడక్కుండా నేరుగా ఆమె ఇంటికే వచ్చాడు.

అతను అడిగింది స్వేజ్‌ని. జానెడు ఇనప పనిముట్టు. రంపం పంటి మీద తొడిగి పిడి లాగితే, పంటి కొన నలిగి వెడల్పవుతుంది. అది నోలా తండ్రి వాలీది. ఈ ఊరి కోతమిల్లులో రంపాల పళ్ళు తీర్చే 'రంపాల డాక్టరు' ఆయన.

ఇరవై రెండేళ్ళ కిందట, మిల్లులో బెల్టులా తిరిగే పట్టీ రంపం తిరుగుతూ తిరుగుతూనే తెగింది. దాన్ని నడిపే మేస్త్రీ లెన్ చెయ్యి పాడైంది.

వాలీయే పళ్ళను మరీ నొక్కి బీటలు తెప్పించాడని ఊరంతా అంది. లెన్‌ని ఆస్పత్రికి తీసుకెళ్ళిన వాలీ మళ్ళీ రాలేదు; లెన్ కూడా ఊరికి తిరిగి రాలేదు. స్వేజ్ మాత్రం ఇంట్లో మేకుకి వేలాడుతూ ఉండిపోయింది.

ఎదురుచూసి ఎదురుచూసి అమ్మ పోయింది. ఇప్పుడు ఆ ఎదురుచూపు నోలాది. అప్పుడు ఆరేళ్ళ పిల్ల కదా, నాన్న ముఖం కూడా గుర్తులేదు. గుర్తున్నదల్లా ఆయన తీర్చిన రంపం మోత ఒక్కటే.

లోపల్నుంచి నోలా మొగుడు డెస్ వచ్చాడు. ఇప్పుడు ఆ రంపం నడిపేది అతనే.

"వేళ్ళెన్ని తాతా?"

"ఎనిమిది."

"అయితే మిల్లు మనిషివే! నావి తొమ్మిది. పదీ ఉన్నవాణ్ణి ఇక్కడ గుమాస్తా అంటాం. రా, టీ తాగుదువుగాని."

టీ చల్లారేలోపే డెస్ తన గోడంతా వెళ్ళబోసుకున్నాడు.

"రెండు నెలలుగా రంపాల డాక్టరు లేడు. పలకలు పాముల్లా వంకర్లు తిరిగొస్తున్నాయి. రేపూ ఇంతే అయితే మిల్లు మూసేస్తారట. ఇక సముద్రం దాటి మెల్‌బోర్న్ పోవాల్సిందే."

"నేను రాను," అంది నోలా, చంకలో పిల్లను సర్దుకుంటూ.

"చూశావా తాతా, ఇదీ వరస! వాళ్ళ నాన్న వస్తే ఇక్కడ ఎవరూ కనబడరని దిగులు. ఆయన రాడే అంటే వినదు."

"వస్తాడు," అంది నోలా.

ముసలాయన టోపీ బల్ల మీద పెట్టాడు. తర్వాత, "ఆ రంపం నాకివ్వండి," అన్నాడు.

మిల్లు పైగదిలో, నోలా పిల్లనెత్తుకుని చూస్తుండగా, రంపం బిగించాడు. ఇంట్లో మేకు మీంచి తెచ్చిన స్వేజ్‌ని కాసేపు ఊరికే పట్టుకున్నాడు. పంటికి తొడిగి పిడి లాగాడు. ఉఫ్ అని ఊదాడు. గోటితో టక్కుమనిపించి చెవి ఒగ్గాడు. ఇంకో పన్ను.

ఆ గోటి చప్పుడు నోలాకి ఎక్కడో తెలుసు.

"ఇది మీకెవరు నేర్పారు?"

"రేపు రంపం మోగనీ తల్లీ. అప్పుడు చెబుతాను."

మీరు మా నాన్నా? నాలుక చివరదాకా వచ్చింది. కాదంటే? కాదంటే ఇంకేం మిగులుతుంది? ఆ మాట మింగేసి, గొర్రెమాంసం పెట్టిన రొట్టె అతని ముందుంచింది.

పిల్ల అతని గడ్డం పట్టుకు గుంజింది.

"దీని పేరు?"

"వాలెరీ. మా నాన్న పేరు కలిసేటట్టు పెట్టాను."

పిడి మీద అతని చెయ్యి ఆగిపోయింది.

సాయంత్రం రంపం అప్పగిస్తూ డెస్‌తో అన్నాడు. "నాలుగు గంటలు నడవగానే దీన్ని దించి వేరేది మార్చెయ్యాలి. లారీ ఎదురుచూస్తున్నా, మేనేజరు కేకలేస్తున్నా సరే."

"ఒక్క దుంగే మిగిలితే?"

"ఆ ఒక్కటీ వదిలెయ్!"

ఆ గొంతుకి పిల్ల ఉలిక్కిపడి ఏడ్చింది. "అమ్మో, డాక్టరుగారికి కోపమొచ్చింది," అని నవ్వాడు డెస్. ముసలాయన నవ్వలేదు.

సోమవారం పొద్దున మిల్లు ఈల వేసింది. నోలా పిల్ల బట్టలు ఉతుకుతోంది.

రంపం మొదలైంది. కీచుమనలేదు. తేనెపట్టు దగ్గర చెవి పెట్టినట్టు, ఒకే శ్రుతి.

నోలా సబ్బు చేతులతో అలాగే నిలబడిపోయింది. ఆమెకి మళ్ళీ ఆరేళ్ళు.

"నాన్నా!"

ముసలాయన పడుకున్న వెనక గదిలోకి పరుగెత్తింది. పక్క చుట్టి ఉంది. కిటికీలోంచి చూస్తే హోబార్ట్ బస్సు వంతెన దాటుతోంది.

దిండు మీద నూనెగుడ్డలో చుట్టిన స్వేజ్. దాని కింద ఒక కాగితం.

"వాలీ పోయిన నెల కన్నుమూశాడు, సముద్రం అవతల ఒక మిల్లు ఊళ్ళో. తనవల్లే ఒకడి చెయ్యి పాడైందని మళ్ళీ స్వేజ్ ముట్టలేదు. ఈ ఊరికి ముఖం చూపించలేకపోయాడు. ఆ చెయ్యి పాడైనవాడి పక్కనే నిలబడి, నోటితో చెప్పి చెప్పి తన పనంతా వాడికి నేర్పాడు.

కానీ రంపం తెగింది పళ్ళవల్ల కాదు. ఒక్క దుంగ కోసం నాలుగు గంటలు దాటి నడపడంవల్ల. నడిపినవాడు ఆ మాట ఇన్నేళ్ళూ కడుపులో దాచుకుని, వాలీ మంచం పట్టిన ఆఖరి రోజున చెప్పాడు. వాలీ తిట్టలేదు. 'అయితే నేను ఇంటికెళ్ళొచ్చన్నమాట' అన్నాడు. చెప్పులు ఎక్కడున్నాయని అడిగాడు."

మిల్లులో నాన్న రంపం మోగుతూనే ఉంది. కాగితం చివర, వంకర అక్షరాల్లో పేరుంది: లెన్.