దిబ్బ మీద దొంగ

తలుపుకి బయటినుంచి గడియ పెట్టారు.

లోపల తాహిరి ఒక్కడే. తెరచాపలు మడిచి పెట్టుకునే పాక అది. ఓ మూల ఉప్పు పట్టించిన సొర ముక్కలు. పైన రేకు. మిట్టమధ్యాహ్నం. చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. గోడ రెల్లుదే. ఒక్క తన్ను తంతే పడుతుంది. పడి ఏం లాభం? బయట ఊరంతా కూచునుంది. అవతల సముద్రం.

పొద్దున నీళ్ళు వెనక్కి తీసినప్పుడు అతన్ని పగడపు దిబ్బ మీద పట్టుకున్నారు. చేతిలో ఇనప మొన బిగించిన కర్ర చువ్వ. సంచిలో ఆక్టోపస్.

ఆ దిబ్బ మీద వేట మూసేసి ఉంది. వానలు పడేదాకా ఎవరూ అడుగు పెట్టకూడదు. ఆక్టోపస్‌లు పెరగాలి, గుడ్లు పెట్టాలి. మూయమని చెప్పింది తాహిరే. సముద్రంలో ఏవేం బతుకుతున్నాయి, మనుషులు ఎంత తీస్తున్నారు, ఎంత మిగులుతోంది, అది చూసే చదువు అతనిది; ఆఫీసు పంపితే కొండల మీది పట్నంనుంచి వచ్చాడు. గడపగడపా తిరిగి బతిమాలాడు. చివరికి ఊరు కట్టుబాటు చేసుకుంది. మూసిన దిబ్బ మీద పొడిచినవాడు తప్పు కింద మేకని కోసి ఊరికి పెట్టాలి. వాడి చువ్వ అందరి ముందూ విరిచెయ్యాలి.

ఇంతవరకూ ఒక్క మేకా తెగలేదు. దొరికినవాడల్లా ఎవరికో అల్లుడు, ఎవరికో బావమరిది. సముద్రం మీదే బతికే ఈ వెజూల ఊళ్ళో చుట్టం కానివాడు ఎవడు? మొన్నటికి మొన్న ఊరిపెద్ద బికిసీ మేనల్లుడు గస్తోన్ బుట్టలు నింపుకుంటూ దొరికాడు. "మనోడే, పోనీండి" అన్నారు. పోనిచ్చారు. తెల్లారేసరికి దిబ్బ మీద ఇంకో గుంపు. ఇలాగే సాగితే వానల నాటికి అక్కడ మిగిలేవి రాళ్ళే.

రెల్లు సందులో ఒక కన్ను కనపడింది. సువజారా. అతన్ని పట్టుకున్నది ఆవిడే. ఆక్టోపస్ పొడిచే ఆడవాళ్ళకి పెద్ద.

"ఏం సారూ, ఉక్కగా ఉందా?"

"కాసిని నీళ్ళియ్యి, అత్తా."

"ఆ సొర ముక్కలు అడిగాయా నీళ్ళు? నీకెందుకు?" అందావిడ. "మాకు మూసేసి నువ్వు పొడుచుకుంటావా? పొడిచావు సరే, మంచిదాన్నన్నా పొడిచావా? గుడ్లు పొదిగి పొదిగి నేడో రేపో చచ్చేదాన్ని పట్టావు. కూరకీ పనికిరాదు. కొండమీదోడివి, దొంగతనం కూడా చేతకాలేదు నీకు!"

బయట ఆడవాళ్ళు పగలబడి నవ్వారు.

కాసేపటికి గడియ తీసి బయటికి తెచ్చారు. ఒడ్డుకి లాగిన పడవల మధ్య నిలబెట్టారు. ఎటు చూసినా మనుషులే. దారి లేదు.

"ఏమంటావు సారూ?" అన్నాడు బికిసీ. మొహం చూడలేకపోతున్నాడు.

"వదిలెయ్యండి పెద్దాయనా. దొంగన్న పేరు పడితే పట్నంలో ఆఫీసు నన్ను ఉంచదు. ఈ పని తప్ప నాకింకేం లేదు."

"కట్టుబాటు ఉంది కదయ్యా."

"గస్తోన్‌కి లేదా?" తాహిరి గొంతు లేచింది. "బుట్టలు బుట్టలు పట్టాడు. వాణ్ణి వదిలారుగా. నన్నూ వదలండి!"

"వాడు మా అక్క కొడుకు."

"మరి నేను?"

"నువ్వా? ఈ ఊళ్ళో నువ్వెవరి కొడుకువి?" వెనకనుంచి సువజారా అందుకుంది. "నీకు అక్కా లేదు, మామా లేడు. మేక కట్టు!"

"మేక! మేక!" ఆడవాళ్ళందరూ అరిచారు.

బికిసీ చుట్టూ చూశాడు. ఇతని తరఫున అలిగేవాళ్ళు ఎవరూ లేరు. గొంతు సవరించుకున్నాడు.

"మేక" అన్నాడు.

చువ్వని మోకాలికేసి విరిచారు. ఆ చప్పుడికి తాహిరి కళ్ళు మూసుకున్నాడు. తాహిరి డబ్బిస్తే మేక వచ్చింది. తెగింది. పొయ్యి రాజేశారు. అన్నం ఉడుకుతోంది.

"సరే. నేను కట్టాను" అన్నాడు తాహిరి. "మరి గస్తోన్?"

పొయ్యి దగ్గర ఓ ముసలమ్మ గరిటె కింద పెట్టింది.

"అవును, మరి గస్తోన్? పరాయోడి మేక తిని మనోడి మేక దాచుకుంటామా? నాకు గొంతు దిగదమ్మా."

"నాకూ దిగదు" అంది ఇంకొకావిడ.

గస్తోన్ పడవ చాటుకి జరిగాడు. "మామా, నా మేక చూడిది మామా!"

"నువ్వు పొడిచినవి గొడ్డుపోయినవా? వాటికీ కడుపునిండా గుడ్లే!" అంది సువజారా.

ఈసారి దారి లేనిది బికిసీకి. చెమట తుడుచుకున్నాడు. నేల చూస్తూ అన్నాడు.

"ఇంకోదాన్ని తోలుకురా."

రెండో చువ్వ విరిగింది.

ఆ రోజు తర్వాత దిబ్బ మీదికి ఎవరూ పోలేదు. ఫనిరి అనే మొండివాడు ఒకడు పోబోతే వాళ్ళమ్మే చువ్వ లాక్కుంది.

ఆఫీసునుంచి ఫోనొచ్చింది. సామాను సర్దుకుని వచ్చెయ్యమన్నారు. ఇక పనిలోకి రానక్కర్లేదన్నారు.

తాహిరి పెట్టె పట్టుకుని ఒడ్డుకి నడిచాడు. పిల్లలు వెంటపడ్డారు. "దొంగ సారు! దొంగ సారు!" సాగనంపడానికి పెద్దవాళ్ళెవరూ రాలేదు. సువజారా మాత్రం వచ్చింది. నడుముల్లోతు నీళ్ళలోకి దిగి పడవని తోసింది.

"పో! మళ్ళీ ఈ ఒడ్డున కనపడితే కాళ్ళు విరగ్గొడతా!" ఊరంతా వినేలా అరిచింది.

తర్వాత పడవ అంచు మీదికి వంగి, అతనికి మాత్రమే వినపడేలా, "నువ్వు చెప్పిన చోటికే, చెప్పిన పొద్దుకే వచ్చి పట్టుకున్నాను గదా నాయనా, తిట్లు మరీ ఎక్కువయ్యాయా?" అంది.